హైచైర్‌లో పాప కిందికి జారుతోంది, భుజం బెల్టు మెడకు ఒరుసుకుంటోంది: ఎట్లా సర్దాలి?

బత్తాయితోట (నల్గొండ)

అక్కలూ, అన్నలూ, నమస్తే. మా పాపకు ఎనిమిదో నెల నడుస్తోంది. అన్నప్రాశన నుంచి ఒళ్ళో పెట్టుకునే తినిపించాం. ఇప్పుడు ఎవరూ పట్టుకోకుండానే కూర్చుంటోంది కదా అని ఆన్‌లైన్‌లో హైచైర్ తెప్పించాం. ఐదు బెల్టులు ఉన్నది. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ళ మధ్య నుంచి ఒకటి. అన్నీ పొట్ట ముందు ఒకే బకిల్‌లో కలుస్తాయి.

కుర్చీ బిగించడం తేలికే అయింది. బెల్టుల దగ్గరే ఆగిపోయాను. వదులుగా పెడితే భుజం బెల్టులు మోచేతుల దాకా జారిపోతున్నాయి. బిగిస్తే మెడ పక్కన ఒరుసుకుని ఎర్రటి గీత పడుతోంది. బాలామృతం నాలుగు ముద్దలు తినేసరికి పాప కిందికి జారి, గడ్డం ట్రే అంచు దాకా వస్తోంది. చూస్తుంటే నాకు టెన్షన్. మా అత్తమ్మ మాత్రం "ముందు ట్రే ఉంది కదా, ఎక్కడికి పోతుంది? పసిదాన్ని ఎందుకు కట్టేస్తారు?" అంటారు. నేను డ్యూటీకి పోతే పగలంతా పాపను చూసుకునేది ఆమే, కాబట్టి ఆమెకు నచ్చేట్టు చెప్పగలగాలి.

పెట్టెలో వచ్చిన కాగితంలో చిన్న చిన్న బొమ్మలే ఉన్నాయి. బెల్టు ఎంత బిగువుండాలి? వీపు వైపు ఉన్న మూడు జతల రంధ్రాల్లో ఏ జతలో పెట్టాలి? ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి ఎట్లా మార్చాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పిల్లలమర్రి నాన్న (మహబూబ్‌నగర్)

చెల్లె, ముందు రెండు సంగతులు చూసి చెప్పు. ఒకటి, కాళ్ళ మధ్య బెల్టు నిజంగా బకిల్‌లో పడుతోందా? కొన్ని కుర్చీల్లో అది పడకున్నా నడుం బెల్టులు రెండూ ఒకదానికొకటి పడిపోతాయి. మనకు టక్‌మని చప్పుడు వినిపిస్తుంది, అంతా అయిందనుకుంటాం. రెండు, భుజం బెల్టులు ఇప్పుడు ఏ రంధ్రాల్లో ఉన్నాయి? పాపను కూర్చోబెట్టి పక్క నుంచి చూడు. రంధ్రం ఆమె భుజం కంటే ఎంత పైన ఉంది?

బత్తాయితోట (నల్గొండ)

అన్నా, కాళ్ళ మధ్య బెల్టు పడుతోంది, కానీ బాగా పొడుగ్గా ఉంది. బకిల్ పాప రొమ్ము దాకా లేస్తోంది. భుజం బెల్టులు పెట్టెలో ఎట్లా వచ్చాయో అట్లాగే అన్నిటికంటే పై రంధ్రాల్లో ఉన్నాయి. పక్క నుంచి చూస్తే రంధ్రం పాప చెవి దగ్గర ఉంది.

దేవరకొండ సిస్టర్

నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. సర్దడం సంగతి అన్న చెప్తారు, మీ అత్తమ్మకు చెప్పాల్సిన మాట నేను చెప్తాను.

ట్రే ఉన్నది గిన్నె పెట్టుకోవడానికి, బిడ్డను పట్టి ఉంచడానికి కాదు. హైచైర్ల హెచ్చరిక లేబుల్ మీద కూడా ఈ మాట రాస్తారు. ట్రే ఒక్కటే అడ్డంగా ఉంటే బిడ్డ ముందుకు పడకపోవచ్చు, కానీ కిందికి జారడానికి దారి తెరిచే ఉంటుంది. నడుము ముందుకు జారితే కాళ్ళు కిందికి దిగుతాయి, పొట్ట ట్రే కిందికి పోతుంది, తల మాత్రం పట్టదు. అప్పుడు బరువంతా గడ్డం మీదో మెడ మీదో పడుతుంది. ఈ వయసు బిడ్డకు తన ఒంటిని తాను పైకి లేపుకునే బలం లేదు. మెడ నొక్కుకుపోతే ఏడుపు కూడా బయటికి రాదు, అందుకే పక్క గదిలో ఉన్నవాళ్ళకు తెలియదు. హైచైర్ ప్రమాదాల్లో ఎక్కువ వాటా కింద పడటానిది. జారి ఇరుక్కోవడం అంత తరచుగా జరగదు, కానీ జరిగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఈ జారుడును ఆపేది కాళ్ళ మధ్య ఉన్న అడ్డు. అమెరికాలో 2019 జూన్ నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం ప్రతి హైచైర్‌కూ కాళ్ళ మధ్య కదలని అడ్డు ఒకటి, దానితో పాటు కనీసం మూడు చోట్ల పట్టే బెల్టు ఉండి తీరాలి. భుజం బెల్టులు ఆ పైన అదనం. బిడ్డ లేచి నిలబడకుండా, పక్కకు ఒరగకుండా చూస్తాయి. చెల్లె, మీ పాప గడ్డం ట్రే అంచుకు వస్తోందంటే ఇవాళ్టి నుంచే ఆపాల్సిన విషయం. బెల్టు సరిపడే దాకా ఒళ్ళోనే నిటారుగా కూర్చోబెట్టుకుని తినిపించండి.

పిల్లలమర్రి నాన్న (మహబూబ్‌నగర్)

సిస్టర్ సరిగ్గా చెప్పారు. ఇక పని చూద్దాం. పాపను పక్కన ఎవరికైనా ఇచ్చి, ఖాళీ కుర్చీ మీద మొదలుపెట్టు చెల్లె.

భుజం బెల్టు రంధ్రం మార్చడం: కుర్చీ గుడ్డ కవరు వెనక వైపు తీస్తే బెల్టు చివర ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ళో ఇనుప కడ్డీయో అడ్డంగా కనిపిస్తుంది. అదే బెల్టును వెనక నుంచి పట్టి ఉంచేది. దాన్ని నిలువుగా తిప్పి, చొక్కా గుండీని కాజాలోంచి తీసినట్టు రంధ్రంలోంచి ముందుకు నెట్టాలి. బయటికి వచ్చాక కింది రంధ్రంలో అదే పద్ధతిలో దూర్చి, వెనక వైపు మళ్ళీ అడ్డంగా తిప్పాలి. తర్వాత ముందు నుంచి గట్టిగా గుంజి చూడు. బిళ్ళ కుర్చీ పలకకు ఆనుకుని ఆగాలి. గుడ్డ కవరుకే ఆనుకుంటే లాభం లేదు, గుడ్డ చిరిగితే బెల్టు ఊడి వస్తుంది. కవరుకు ఉన్న రంధ్రమూ పలకకు ఉన్న రంధ్రమూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కూడా చూడాలి. రెండు బెల్టులూ ఒకే జతలో ఉండాలి.

ఏ జత అంటే, పాప వీపు కుర్చీకి ఆనించి కూర్చున్నప్పుడు భుజానికి సమంగా గానీ కాస్త పైన గానీ ఉన్నది. చెవి దగ్గర ఉంటే బెల్టు పై నుంచి మెడ పక్కగా దిగుతుంది. నువ్వు చెప్పిన ఎర్ర గీత అక్కడి నుంచే వస్తోంది. వదులు చేసినప్పుడు భుజం మీంచి జారేదీ అందుకే. అట్లాగని భుజం కంటే బాగా కింది రంధ్రం పెడితే బెల్టు భుజాలను కిందికి నొక్కుతుంది, బిడ్డ వంగిపోతుంది.

ఇక పొడవు. బెల్టు మీద మధ్యలో కడ్డీ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. బెల్టు ఆ కడ్డీ చుట్టూ తిరిగి వస్తుంది, రాపిడి వల్లే అక్కడ నిలుస్తుంది. వదులు చేయాలంటే క్లిప్పు దగ్గర బెల్టును వేలితో పైకి నెట్టి చిన్న ఉచ్చు చేసి, ఆ ఉచ్చులోకి తోక (వేలాడే చివర) వైపు నుంచి కొంత బెల్టు తెచ్చి, దాన్ని బకిల్ వైపు లాగాలి. బిగించాలంటే దీనికి ఎదురుగా, ఉచ్చు చేసి తోక వైపు లాగాలి. ఒకేసారి బలంగా గుంజితే కదలదు, కొంచెం కొంచెంగా జరపాలి. తోక చివర మడిచి కుట్టి ఉంటుంది, అది విప్పొద్దు. ఆ మడత ఉంటేనే బెల్టు క్లిప్పులోంచి పూర్తిగా జారిపోకుండా ఉంటుంది. చాలామంది తోక పొడుగ్గా వేలాడుతోందని కత్తిరిస్తారు. ఆ పని అసలే చేయొద్దు, పిల్ల పెరిగాక ఆ పొడవు మళ్ళీ కావాలి.

ఇప్పుడు పాపను కూర్చోబెట్టి వరస పాటించు. మొదట పిరుదులు కుర్చీ వెనక్కి పూర్తిగా ఆనాలి. ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. బిడ్డ ముందుకు జరిగి కూర్చున్నప్పుడే బెల్టు పెట్టేస్తారు, తర్వాత అది ఎంత బిగించినా జారుడు ఆగదు. తర్వాత కాళ్ళ మధ్య బెల్టు. బకిల్ బొడ్డు కింద, తొడల మొదట్లో ఉండేంత పొట్టిగా చేయి. తర్వాత నడుం బెల్టులు, పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద పడాలి. భుజం బెల్టులు అన్నిటికంటే చివర. ముందే భుజాలు బిగిస్తే బకిల్ పైకి లేచి కాళ్ళ మధ్య బెల్టు వదులైపోతుంది. నీ కుర్చీలో బకిల్ రొమ్ము దాకా వచ్చిందంటే ఇదే జరిగి ఉంటుంది.

బిగువు ఎంత అంటే, బెల్టుకూ ఒంటికీ మధ్య నీ రెండు వేళ్ళు పడుకోబెట్టి దూర్చగలగాలి. మూడోది దూరితే వదులు. చివరగా బెల్టు ఎక్కడైనా మెలి తిరిగిందేమో తల నుంచి కాలి దాకా వేలు పెట్టి తడుముతూ చూడు. మెలి పడితే వెడల్పాటి బెల్టు సన్నటి తాడైపోయి కోస్తుంది.

వనపర్తి అమ్మమ్మ

బిడ్డా, మీ అత్తమ్మను తప్పు పట్టకు. మా రోజుల్లో కుర్చీ లేదు, కాళ్ళు చాపుకుని మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని గట్క మెత్తగా చేసి పెట్టేవాళ్ళం. చేతులు రెండూ బిడ్డ మీదే ఉండేవి, ఇంక బెల్టు ఎందుకు? ఇప్పుడు కుర్చీలో పెట్టాక చేతులు ఖాళీ అవుతాయి. పొయ్యి మీద పాలు పొంగుతాయి, ఫోను మోగుతుంది, వాకిట్లో ఎవరో పిలుస్తారు. మన చేతులు చేయాల్సిన పని అప్పుడు బెల్టు చేయాలి. ఈ మాట అట్లాగే చెప్పు, ఆమెకు అర్థమవుతుంది.

ఇంకొకటి. ఎండాకాలంలో బిడ్డకు బనీను కూడా లేకుండా బెల్టు పెట్టొద్దు. మన దగ్గర ఎండలు తెలిసినవే, చెమటకు బెల్టు కింద చర్మం ఒరుసుకుపోతుంది. మెడ దాకా ఉన్న పల్చటి నూలు చొక్కా వేయి, చాలు. బెల్టుకు తువ్వాల చుట్టి మందం చేసేవాళ్ళను చూశాను, దానికి బెల్టు జారుతుంది కానీ లాభం లేదు. మొదటి రోజుల్లో బిడ్డ గింజుకుంటుంది. తినేటప్పుడు ఒకేసారి పెట్టకుండా, ముందు బొమ్మ ఇచ్చి కాసేపు కూర్చోబెట్టండి, అలవాటైపోతుంది.

ఫిజియో గద్వాల

మంచి చర్చ. నా వైపు నుంచి కూర్చునే తీరు గురించి.

బిడ్డ జారడానికి బెల్టు ఒక్కటే కారణం కాదు. కాళ్ళు గాలిలో వేలాడుతుంటే ఒంటికి ఆధారం ఉండదు, నడుము ముందుకు జారుతూనే ఉంటుంది. తుంటి, మోకాలు, చీలమండ మూడూ దాదాపు 90 డిగ్రీల్లో ఉండి, అరికాళ్ళు దేనిమీదైనా ఆనితే బిడ్డ తనంతట తానే నిటారుగా కూర్చుంటుంది. నమలడం, మింగడం కూడా కుదురుగా సాగుతాయి. మీ కుర్చీకి పాదాల పలక ఉంటే ఎత్తు సరిచేయండి. పలక కదలకుండా స్థిరంగా ఉండాలి. లేకపోతే కాళ్ళు ఆనేలా గట్టి అట్టపెట్టె లాంటిది కట్టే ప్రయత్నం చేయకండి, ఊడిపోయే వస్తువు ఇంకో ప్రమాదం. కొన్ని కంపెనీలు పాదాల పలకను విడిగా అమ్ముతాయి.

చిన్న ఒళ్ళు, పెద్ద కుర్చీ అయితే బిడ్డ పక్కలకు ఒరుగుతుంది. పల్చటి తువ్వాలను చుట్టి తుంటికి రెండు వైపులా పెట్టండి. వీపు వెనక మందపాటి దిండు పెట్టకండి. దిండు బిడ్డను ముందుకు నెడుతుంది, బెల్టు లెక్క మొత్తం మారిపోతుంది. మెత్తటి దిండు అణిగిన కొద్దీ బెల్టు వదులవుతుంది. అడుగున జారే ప్లాస్టిక్ షీటు, నున్నటి నైలాన్ కవరు ఉన్నా జారుడు పెరుగుతుంది.

తల నిలబడని బిడ్డను, లేదా చేతులు ఆనించకుండా కాసేపైనా కూర్చోలేని బిడ్డను హైచైర్‌లో పెట్టొద్దు. ఆరు నెలలు నిండాయా లేదా అన్న లెక్కతో పాటు ఇది కూడా చూడాలి. నెలలు తక్కువ పుట్టిన పిల్లలకు ఇంకొంత కాలం పడుతుంది.

అచ్చంపేట రైతు

మా బాబుకు పాలు కక్కే అలవాటు ఉంది. కుర్చీ వీపు కాస్త వెనక్కి వాల్చి తినిపిస్తే హాయిగా ఉంటాడు. వాలిస్తే జారడం కూడా తక్కువ అనిపించింది. అట్లా చేయొచ్చా?

ఫిజియో గద్వాల

అన్నా, ఘనాహారం తినేటప్పుడు వాల్చొద్దు. వాలిన బిడ్డకు ముద్ద తన ప్రమేయం లేకుండానే గొంతులోకి జారుతుంది, పొలమారుతుంది. కక్కే పిల్లలకైనా నిటారుగా కూర్చోబెట్టి, కొద్ది కొద్దిగా పెట్టి, తిన్నాక కాసేపు నిటారుగానే ఎత్తుకోవడం మేలు. జారడం తక్కువ అనిపించడానికి కారణం బరువు వీపు మీద పడటం. వాల్చిన కుర్చీలో బెల్టు వదులుగా ఉంటే ఇంకా సులువుగా కిందికి దిగిపోతాడు.

మిర్యాలగూడ మేనమామ

మా అక్క కొడుకు కోసం తెలిసినవాళ్ళ దగ్గర వాడిన హైచైర్ తెచ్చాను. కుర్చీ గట్టిగా ఉంది, రంగు కూడా పోలేదు. కాళ్ళ మధ్య బెల్టు మాత్రం లేదు, ఎక్కడో పోయిందట. నడుం బెల్టు ఉంది. మా అక్క చున్నీతో కాళ్ళ మధ్య నుంచి కట్టి కూర్చోబెడుతోంది. ఈ చర్చ చదివాక భయమేస్తోంది. దర్జీ దగ్గర కుట్టించుకుంటే సరిపోతుందా?

కుట్టుమిషన్ (నారాయణపేట)

నేను దర్జీని, బ్యాగుల పని కూడా చేస్తాను, కాబట్టి ఈ ప్రశ్నకు నేనే చెప్పడం సబబు. చున్నీ ముందు ఆపండి. గుడ్డ సాగుతుంది, ముడి జారుతుంది లేదా బిగుసుకుపోతుంది. బిగుసుకుపోతే ఆపద సమయంలో విప్పలేం. వదులైతే మెడకు చుట్టుకునే పొడవు అందులో ఉంటుంది.

బెల్టు కుట్టివ్వమని నా దగ్గరికి కూడా వచ్చారు. కుట్టడం పెద్ద పని కాదు, బజారులో అదే వెడల్పు నైలాన్ బెల్టు దొరుకుతుంది. కానీ కష్టం కుట్టులో లేదు. బెల్టు కుర్చీకి ఎక్కడ, దేనితో పట్టి ఉంటుందన్నదే అసలు సంగతి. కంపెనీ వాళ్ళు ఆ చోటును బరువు వేసి పరీక్షిస్తారు. నేను కుర్చీ గుడ్డకు కుట్టిస్తే గుడ్డే చిరిగి వస్తుంది. బకిల్ కూడా మూడు ముక్కలూ ఒకే అచ్చులోవి అయితేనే సరిగ్గా పడతాయి, వేరే బకిల్ పడినట్టు కనిపించి గుంజితే ఊడిపోతుంది. అందుకే నేను కుట్టనని చెప్పి పంపిస్తాను. కుర్చీ అడుగున స్టిక్కరు మీద మోడల్ నంబరు ఉంటుంది. అది పట్టుకుని కంపెనీని విడి బెల్టు అడగండి. దొరకకపోతే ఆ కుర్చీ పక్కన పెట్టేయండి.

ఉన్న బెల్టులను కూడా వెలుతురులో పెట్టి చూడండి. కుట్ల దగ్గర దారం తెగినా, అంచు పీచులు లేచినా, రంగు వెలిసి గరుకుగా గట్టిపడినా మార్చాల్సిందే. ఎండలో చాలా రోజులు పడి ఉన్న నైలాన్ చూడటానికి బాగానే ఉంటుంది, లాగితే తెలుస్తుంది.

మిర్యాలగూడ మేనమామ

పాత మోడల్ అట, విడి బెల్టు లేదన్నారు. కుర్చీ పక్కన పెట్టించాను. అక్క ఒళ్ళో పెట్టుకునే తినిపిస్తోంది. కొత్తది కొనేటప్పుడు ఏం చూడాలి?

పిల్లలమర్రి నాన్న (మహబూబ్‌నగర్)

బెల్టు కట్టకముందే కాళ్ళ మధ్య కుర్చీకో ట్రేకో అతికి ఉన్న గట్టి అడ్డు ఉందో లేదో చూడండి. లేబుల్ మీద ఈఎన్ 14988 అని గానీ ఏఎస్‌టీఎం ఎఫ్404 అని గానీ ఉంటే అది హైచైర్ల కోసమే రాసిన ప్రమాణం. మొదటిది యూరప్‌ది, రెండోది అమెరికాది. కాళ్ళు వెడల్పుగా ఉండి, పక్క నుంచి నెడితే ఊగకూడదు. బకిల్ పెద్దవాళ్ళు ఒక్క చేత్తో విప్పగలిగేలా, పిల్లలు విప్పలేనంత గట్టిగా ఉండాలి. దుకాణంలోనే విప్పి చూడండి, మొహమాటం వద్దు.

బత్తాయితోట (నల్గొండ)

అందరికీ పేరుపేరునా దండాలు. అన్న చెప్పిన వరసలో చేశాను. భుజం బెల్టులను మధ్య రంధ్రాల్లోకి దించాను. చూస్తే ఎడమ వైపు బెల్టు కవరు వెనక మెలి తిరిగి ఉంది, ముందు నుంచి అది కనిపించనే లేదు. కాళ్ళ మధ్య బెల్టు పొట్టి చేశాక బకిల్ తొడల దగ్గరికి దిగింది. పాదాల పలక కూడా పైకి జరిపాను. ఇప్పుడు పాప గిన్నెలోది మొత్తం తినేదాకా జారడం లేదు. మెడ దగ్గర ఎరుపు పోయింది.

వనపర్తి అమ్మ చెప్పిన మాట అత్తమ్మకు అట్లాగే చదివి వినిపించాను. "అవును, చేతులు ఖాళీ అవుతాయి కదా" అన్నారు. ఇప్పుడు బెల్టు ఆమే పెడుతున్నారు, రెండు వేళ్ళు దూర్చి చూసుకుంటున్నారు.

కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. రాగి జావ కారి బకిల్‌లోకి పోయి ఎండిపోయింది. మీట నొక్కితే రావడం లేదు. కొబ్బరినూనె చుక్క వేయనా?

కుట్టుమిషన్ (నారాయణపేట)

నూనె వద్దమ్మా. నూనెకు దుమ్మూ పిండీ ఇంకా అంటుకుంటాయి, బెల్టుకు పాకితే క్లిప్పు దగ్గర రాపిడి పోయి తనంతట తానే వదులవుతుంది. గోరువెచ్చని నీళ్ళలో బకిల్ మునిగేట్టు కాసేపు నానబెట్టి, మీట నొక్కుతూ వదులుతూ కదిలించండి. పాత టూత్‌బ్రష్‌తో లోపల తోమండి. బెల్టులకు మామూలు సబ్బు చాలు, బ్లీచింగ్ పౌడర్ జోలికి పోవద్దు. నీడలో ఆరేయండి. ఆరాక చప్పుడు స్పష్టంగా వినిపించేదాకా రెండు మూడుసార్లు పెట్టి తీసి చూడండి. చప్పుడు మందంగా ఉంటే లోపల ఇంకా ఏదో ఉన్నట్టే.

కోదాడ కవలల అమ్మ

నాకు ఇద్దరు మగపిల్లలు, ఏడాది దాటింది. వీళ్ళ బాధ వేరు. బెల్టులోంచి చేతులు లాగేసి, వెనక్కి తిరిగి కుర్చీలోనే నిలబడుతున్నారు. ఒకడైతే డైనింగ్ టేబుల్‌ను కాళ్ళతో తన్ని కుర్చీని వెనక్కి ఊపుతున్నాడు.

పిల్లలమర్రి నాన్న (మహబూబ్‌నగర్)

అక్కా, ఆ వయసులో భుజాలు పెరిగి ఉంటాయి. రంధ్రాలు భుజం కిందికి పడిపోయాయేమో చూడండి, పై జతకు మార్చాల్సి రావచ్చు. చేతులు లాగేస్తున్నారంటే భుజం బెల్టు వదులు. తుంటి దగ్గర బిగువుంటే నిలబడలేరు, కాబట్టి ముందు నడుం బెల్టు సర్దండి.

కాళ్ళతో తన్నడం మాత్రం బెల్టుతో ఆగేది కాదు. కుర్చీని టేబుల్‌కూ గోడకూ గట్టుకూ దూరంగా, వాళ్ళ కాళ్ళు చాచినా అందనంత ఎడంగా పెట్టండి. టైల్స్ నేల మీద చక్రాలుంటే బ్రేకులు అన్నిటికీ వేయాలి. కిటికీ తెర తాళ్ళు, చార్జర్ వైర్లు, వేడి చారు గిన్నె చేతికి అందే దూరంలో ఉండొద్దు. కూర్చోబెట్టే ముందు ఒకసారి చుట్టూ చూసే అలవాటు చేసుకుంటే చాలు.

దేవరకొండ సిస్టర్

బకిల్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి తీరాలి. ఇంట్లో బిడ్డకు తినిపించే ప్రతి ఒక్కరికీ ఆ బకిల్ చూడకుండా విప్పడం రావాలి. అత్తమ్మ, మామయ్య, ఆడపడుచు, ఎవరైనా సరే. ముద్ద గొంతులో అడ్డం పడితే మొదట చేయాల్సింది బెల్టు విప్పి బిడ్డను బయటికి తీయడం.

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, వీపు మీద చరచొద్దు. దగ్గు రాక, ఏడుపు రాక, ముఖం నీలంగా మారుతుంటే ఎవరినైనా 108కి ఫోన్ చేయమని కేకేసి మీరు పని మొదలుపెట్టండి. ఏడాదిలోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా పట్టుకుని, దవడను ఆనించి, రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో (మణికట్టు దగ్గరి గట్టి భాగంతో) 5 సార్లు గట్టిగా చరచాలి. పడకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. బయటపడే దాకా ఇదే మార్చి మార్చి చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. చదివితే వచ్చే విద్య కాదిది, దగ్గర్లోని ఆసుపత్రిలో సిస్టర్‌ని అడిగి బొమ్మ మీద చేసి చూడండి.

మన వైపు ఇళ్ళల్లో పల్లీలు ఎప్పుడూ ఉంటాయి. పెద్దవాళ్ళు తింటూ ఒక గింజ ట్రేలో పెట్టేస్తారు. అయిదేళ్ళు దాటేదాకా గింజ గింజగా ఇవ్వొద్దు. మెత్తగా నూరి జావలో కలపొచ్చు. బత్తాయి తొనలు కూడా పొరా గింజా తీసి, చిదిపి పెట్టండి.

అచ్చంపేట రైతు

ఒక అనుమానం. కారు సీటు కొన్నప్పుడు దుకాణంలో భుజం బెల్టు రంధ్రం భుజం కంటే కింద ఉండాలన్నారు. ఇక్కడ పైన అంటున్నారు. ఏది నిజం?

పిల్లలమర్రి నాన్న (మహబూబ్‌నగర్)

రెండూ నిజమే అన్నా. చిన్న బిడ్డను కారులో వెనక్కి ముఖం పెట్టి కూర్చోబెడతాం. గుద్దుకుంటే ఒళ్ళు సీటు మీద పైకి జారబోతుంది, దాన్ని పట్టడానికి బెల్టు భుజం నుంచి గానీ భుజం కింది నుంచి గానీ రావాలి. ముందుకు ముఖం పెట్టే కారు సీటులో రంధ్రం భుజానికి సమంగా గానీ పైన గానీ ఉండాలి. హైచైర్‌లో వేగం ఉండదు, లేచి నిలబడకుండా, ఒరగకుండా చూడటమే పని. కుర్చీతో వచ్చిన కాగితం మా మాట కంటే వేరుగా చెప్తే ఆ కాగితాన్నే పాటించండి. ఒకదానికోసం చేసిన కొలత ఇంకోదానికి వాడొద్దు.

బత్తాయితోట (నల్గొండ)

మా అత్తమ్మ ఒక ప్రశ్న అడగమన్నారు. చలికాలం స్వెటర్ వేస్తాం కదా, అప్పుడు బెల్టు ప్రతిసారీ మార్చాలా, లేక ఒకసారి వదులు చేసి వదిలేయొచ్చా?

దేవరకొండ సిస్టర్

ప్రతిసారీ చూడాల్సిందే అని చెప్పండి. పొద్దున స్వెటర్ మీద సరిపోయిన బెల్టు మధ్యాహ్నం పల్చటి గౌనుకు రెండు వేళ్ళ కంటే వదులైపోతుంది. ఇంట్లో కూర్చునేటప్పుడు మందపాటి స్వెటర్ తీసేసి, చలిగా ఉంటే బెల్టు పెట్టాక కాళ్ళ మీద పల్చటి దుప్పటి కప్పమనండి. స్వెటర్ తీయలేకపోతే దాని మీదే రెండు వేళ్ళ బిగువు చూసుకుని, తీసిన పూట మళ్ళీ బిగించాలి. క్లిప్పు జరపడం ఆమెకు వచ్చేసింది కాబట్టి అర నిమిషం పని.